కెమెరాలోకి చూడొద్దు

"ఆ ముక్క తీసేద్దాం" అంది దర్శకురాలు.

"వద్దక్కా" అన్నాడు అనువాదకుడు. సబ్‌టైటిళ్లు రాయడానికి వచ్చినప్పటి నుంచి అతను నోరు తెరిచి కాదనడం అదే మొదటిసారి.

ఎడిటింగ్ గదిలో, తెర మీద ఒక ముసలామె మొహం ఆగి ఉంది. సైన్యం వెంటాడిన కుర్రాళ్ల తల్లుల మీద తీసిన సినిమా అది. వెనక ఏ కంపెనీ అండా లేకుండా కెమెరా, మైకు తనే మోసుకుంటూ మూడు దేశాలు తిరిగేసరికి దర్శకురాలికి తల ప్రాణం తోకకొచ్చింది. రేపు చిత్రోత్సవానికి పంపాలి. వేలెత్తి చూపడానికి అందులో ఒక్క లోపం కూడా ఉండకూడదని ఆమె పంతం.

"కెమెరాలోకి చూడొద్దు, నన్ను చూసి మాట్లాడండని అక్కడి దుబాసీ చేత చిలక్కి చెప్పినట్టు చెప్పించాను. అంతసేపూ బుద్ధిగానే చూసింది. సరిగ్గా ఈ మాట దగ్గరే కళ్లార్పకుండా కెమెరాలోకి చూసింది. జనానికి నటనలా అనిపిస్తుంది."

"ఇంకోసారి పెట్టండక్కా."

"ఎన్నిసార్లు వింటావు తమ్ముడూ? అర్థం తేలలేదా?"

"తేలింది. 'నా కొడుకు చచ్చిపోయాడు. ఈ చేతులతోనే పూడ్చాను. వాడి కోసం ఎవరూ రానక్కర్లేదు.' అంతే."

అతను కళ్లు తుడుచుకున్నాడు. ఇంత మెత్తని మనిషి ఈ పని ఎలా చేస్తున్నాడో పాపం, అనుకుంది దర్శకురాలు. ఆ భాష వచ్చినవాళ్లు నగరంలో దొరక్క ఆమె తల పట్టుకుని కూర్చుంటే, ఎవరి ద్వారానో విని తనంతట తనే వచ్చాడు. సినిమాలో పేరు మాత్రం వేయొద్దన్నాడు.

"ఇదే మాట నన్ను చూస్తూ మళ్లీ చెప్పించాను. అది పెడదాం."

"అది మీకు చెప్పిన మాట. మీ వెనక కాపలా నిలబడ్డ సైనికులకి చెప్పిన మాట."

"మరి ఇదెవరికి?"

అతను తెర వైపు తిరిగాడు. దర్శకురాలు నిట్టూర్చింది.

"కూర్చునే ముందు నన్నేమడిగిందో తెలుసా? ఈ సినిమా ఏయే దేశాల్లో చూస్తారని. చాలా దేశాల్లో అన్నాకే ఒప్పుకుంది. ఈ వయసులో ఏం సరదారా బాబూ అనుకున్నాను."

"సరదా కాదక్కా. కొడుక్కి చెబుతోంది. తిరిగి రావద్దని. వస్తే బతకనివ్వరని."

దర్శకురాలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. జాలిగా అతని భుజం మీద చెయ్యి వేసింది.

"చచ్చిపోయినవాడికి ఎలా చెబుతుంది తమ్ముడూ?"

అతను తెర మీంచి చూపు తిప్పలేదు.

"నేను చచ్చిపోలేదక్కా."