నలభై ఏడో నంబరు కుర్చీ

వీరరాఘవయ్యగారూ, ఆ ముసలాయన్ని కుర్చీలోంచి లేపేసింది మీరే.

చెయ్యి పట్టి లాగింది మీ అసిస్టెంటు చంద్రశేఖర్. నిజమే. కానీ మైకులో "తీసెయ్యండి" అన్నది మీరు. డైరెక్టరూ మీరే, నిర్మాతా మీరే. ఇంకొకరి మీదకి నెట్టకండి.

ఎనభై తొమ్మిది వేసవి. ఫిల్మ్ నగర్ స్టూడియోలో మీరు చెక్కలతో ప్రయాణికుల ఓడ డెక్కు కట్టించారు. సముద్రమంటే నీలం గుడ్డ. గాలంటే రెండు పెద్ద ఫ్యాన్లు.

బయట జూబ్లీహిల్స్ బండలు ఎండకి పేలుతుంటే, లోపల నాతో కలిపి నలభై మంది జూనియర్ ఆర్టిస్టులం కోట్లూ టోపీలూ తగిలించుకుని, ఒడ్డు కనపడని సముద్రం మీద వెళుతుండేవాళ్లం. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సాంబారన్నం. ఏం ప్రయాణమది! ఇప్పుడు తలుచుకున్నా ఆ ఉప్మా వాసన వస్తుంది.

ఆ సెట్లో నిజమైనవి కుర్చీలొక్కటే. వైజాగులో పాత ఓడని తుక్కుకింద అమ్ముతుంటే వేలంలో కొన్నారు. చెక్క పడక కుర్చీలు. ఒక్కోదాని వీపున నంబరు, ప్రయాణికుడి పేరు చీటీ దోపడానికి చిన్న ఇత్తడి చట్రం.

మోతీనగర్ నుంచి త్రినాథరావు వచ్చాడు. అరవై దాటిన మనిషి. మొహానికి రంగు వేసుకోవడం అదే మొదలు.

వస్తూనే నలభై ఏడో నంబరు కుర్చీని తడిమాడు. కూర్చోలేదు.

"ఏంది తాతా, గట్ల చూస్తున్నవ్? కుర్చీ కరుస్తదా?" అంది పక్క కుర్చీలోంచి మల్లమ్మ. బోరబండ మల్లమ్మ ఆ వేళ దొరసాని. టోపీ మాటిమాటికీ ముక్కు మీదకి జారుతోంది.

"పేపర్లో ఈ కుర్చీల బొమ్మ చూసి వచ్చానమ్మా. దీంట్లో నేను కూర్చున్నట్టు ఒక్కసారి సినిమాలో పడితే చాలు."

"గంతేనా! నేనైతే సాంబారన్నం కోసమొచ్చిన."

మైకులో చంద్రశేఖర్ అరిచాడు. "ప్యాసింజర్లంతా ఊగండి! సముద్రాన్ని చూసి ఆశ్చర్యపోండి!"

అంతా సిటీ బస్సులో ఊగినట్టు ఊగాం.

కుర్చీ అంచు మీద కూర్చున్న త్రినాథరావు ఊగలేదు. చేతిలో కప్పుని మాత్రం తొణక్కుండా పట్టుకున్నాడు.

"ఓ పెద్దాయనా! నీకు వేరే చెప్పాలా? సముద్రం చూడవేం?"

"మూడో రోజుకి సముద్రాన్ని ఎవరూ చూడరు బాబూ. పదకొండింటికి వచ్చే వేడి సూపు కోసం చూస్తారు."

"ఓహో! మోతీనగర్లో రేవు ఎప్పుడు కట్టారండీ?"

సెట్టంతా నవ్వింది. త్రినాథరావూ నవ్వాడు.

భోజనాలప్పుడు మల్లమ్మకి ఓడ ప్రయాణికుల సంగతులు చెప్పాడు. నీడ జరిగితే కుర్చీ జరిపించుకుంటారు. రోజూ గడియారం అరగంట వెనక్కి తిప్పుకుంటారు. పోస్టు డబ్బా లేకపోయినా ఉత్తరాలు రాస్తూనే ఉంటారు. దుప్పటి మోకాళ్ల మీద కప్పుకుని, పుస్తకం తెరిచి నిద్రపోతారు.

"నిద్రపోవుడా? గీ యాక్టింగు నాకు మస్తుగొస్తది!"

మధ్యాహ్నం అసలు షాటు. తెల్లసూటులో హీరో కుర్చీల మధ్యనుంచి నడిచొస్తాడు.

హీరో దగ్గరికి రాగానే త్రినాథరావు చటుక్కున లేచి పక్కకి ఒదిగాడు.

"కట్!"

మళ్లీ తీశారు. మళ్లీ లేచాడు. మూడోసారీ అంతే.

"ఎందుకు లేస్తావయ్యా?"

"అలవాటు బాబూ. దండం పెడతాను, ఇంకొక్కసారి. ఈసారి లేవను."

నాలుగోసారి రెండు చేతులతో కుర్చీని బిగించి పట్టుకున్నాడు. హీరో వచ్చాడు. చేతులు ఆగాయి గాని కాళ్లు ఆగలేదు. లేచాడు.

"తీసెయ్యండి!" అన్నారు మీరు.

చంద్రశేఖర్ లాగాడు. వెళ్లేముందు త్రినాథరావు తన దుప్పటిని అంచుకి అంచు కలిపి మడిచి, కుర్చీ కాళ్ల దగ్గర పెట్టి వెళ్లాడు.

ఏం అలవాటు, ఎక్కడిది అని మీలో ఒక్కరూ అడగలేదు.

మద్రాసు ల్యాబులో కడిగించిన ఫిల్ము రెండు వారాలకి వచ్చింది. తెర మీద చూసి మీరు తల పట్టుకున్నారు, మల్లమ్మని పిలిపించారు.

"ఇది ఓడా, పెళ్లి పందిరా? ఆ నిద్రపోయే దొరసాని ఒక్కతే ఓడలో ఉన్నట్టుంది. నీకెవరు నేర్పారమ్మా?"

"మీరు ఎల్లగొట్టిన్రు గద సారూ. గా తాతనే."

అప్పుడు పరుగెత్తింది మీ వ్యాను మోతీనగర్‌కి. ఇంటి ముందు శామియానా వేసి ఉంది. కూతురు శారదాదేవి గుమ్మంలో నిలబడి ఒకటే మాట అంది.

"నాన్నకి ఈ రోజు పదకొండో రోజండీ. ఆ నలభై ఏడో కుర్చీని ఓసారి బోర్లించి చూడండి."

చంద్రశేఖర్ బోర్లించాడు. అడుగున మేకుతో గీసిన తెలుగు అక్షరాలు, త్రినాథరావు అని. చదివి కూలబడ్డాడు, కుర్చీలో కాదు, నేల మీద.

పదేళ్లయింది. మీ జూబ్లీహిల్స్ ఆఫీసులో ఆ కుర్చీలో వచ్చినవాళ్లు కూర్చుంటున్నారు, కాఫీలు తాగుతున్నారు. ఇత్తడి చట్రం ఖాళీగానే ఉంది.

సంతాపాలు వద్దు, సన్మానాలు వద్దు. వెంటనే ఆ చట్రంలో త్రినాథరావు అని పేరు చీటీ దోపండి. ఇరవై ఆరేళ్లు ఆ ఓడలో ఆ కుర్చీలు పరిచి, ఆ చట్రాల్లో అందరి పేర్లూ దోపి, ఒక్కదాంట్లోనూ కూర్చునే హక్కు లేని డెక్కు నౌకరు ఆయన.