తబస్సుమ్ వంతు

"తబస్సుమ్ మాట్లాడాల మేడమ్! అందరం మాట్లాడినాం. ఆ పిల్లొక్కతే మిగిలింది!"

వెనక బెంచీలోంచి వెంకటేష్ లేచి అరిచాడు. పదో తరగతి మొత్తం కిటికీ పక్కన కూర్చున్న తబస్సుమ్ వైపు తిరిగింది. ఆ పిల్ల తల వంచుకుంది.

వాణి చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. 'ఉగ్రవాదాన్ని అరికట్టడం ఎలా?' అని బోర్డు మీద రాసింది ఆమే అయినా, ఆ చర్చ పెట్టమన్నది హెడ్మాస్టరు రంగనాయకులు గారు. నిన్న సాయంత్రం ఉత్తరాదిన ఒక పెద్ద రైల్వేస్టేషన్లో బాంబు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. టీవీలో ఆ దృశ్యాలు చూసి వాణి అన్నం ముందునుంచి లేచిపోయింది. పొద్దున నెల్లూరు నుంచి విడవలూరు బస్సులో వస్తూ, ఎదుటి సీటు కింద గడ్డం పెద్దాయన పెట్టిన సంచి వైపు రెండుసార్లు చూసింది. మూడోసారి చూడబోతుంటే తన మీద తనకే సిగ్గేసింది.

చర్చ మొదట్లో బాగానే సాగింది. అందరికీ చదువు చెప్పాలని, ఉద్యోగాలివ్వాలని బిందు అంది. సముద్రం మీద గస్తీ పెంచాలని ఇంకొకరన్నారు. "ఇప్పుడే మా నాయనోళ్ల పడవలు ఆపి ఆధార్ కార్డు అడగతా ఉండారు. ఇంకేం పెంచతారు?" అని పల్లెపాలెం పెంచలయ్య అంటే అందరూ నవ్వారు.

అప్పుడు వెంకటేష్ లేచాడు.

"వాళ్ల ఫోన్లన్నీ చెక్ చెయ్యాల మేడమ్. దుప్పట్లమ్మేవోళ్లను ఊళ్లోకి రానీకూడదు."

"వాళ్లంటే ఎవరు?"

"మీకు తెలవదా మేడమ్?"

తెలుసు. తెలిసినందుకే వాణి గడియారం వైపు చూసింది. పాఠమైతే ఏదో ఒకటి చెప్పేది. ఇది పిల్లలు ఇళ్లలో విని వచ్చిన మాట. దాన్ని ఎక్కడ పట్టుకుని లాగాలో ఆమె ఆలోచించేలోగానే వాడు తబస్సుమ్ పేరెత్తాడు.

"టైమైపోయింది. తబస్సుమ్, నువ్వు కూర్చోమ్మా" అంది.

"అదెట్టా మేడమ్? ఆ పిల్లను మాత్రం ఎందుకు వదిలేస్తారు?"

తబస్సుమ్ అప్పటికే లేచి నిలబడింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించింది.

"నిన్న జరిగింది చాలా తప్పు" అంది, ఎక్కాలు అప్పజెప్పినట్టు. "చేసినోళ్లు మనుషులు కాదు. మేం అట్టాంటోళ్లం కాదు. మాకూ ఈ దేశమంటే ప్రాణం. మా వల్ల ఎవురికన్నా బాధ కలిగుంటే... అందరూ క్షమించండి."

"నువ్వెందుకమ్మా క్షమాపణ..." అని వాణి అనబోయింది. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. గుమ్మంలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది రంగనాయకులు గారే.

"శభాష్! ఇట్లా ఒక్కొక్కరే ముందుకొచ్చి చెప్తే సగం సమస్య తీరిపోతుంది. ఏమంటారు వాణి గారూ?"

వాణి బోర్డు తుడవసాగింది. వెంకటేష్ కూడా చప్పట్లు కొట్టాడు. "బాగా చెప్పినావు" అన్నాడు మనస్ఫూర్తిగానే. తబస్సుమ్ కూర్చుని కిటికీలోంచి బయటికి చూడసాగింది.

అంతలో ఆయా కామమ్మ వచ్చింది. "తబస్సుమ్ వాళ్ల నాయనొచ్చుండాడు మేడమ్. పాపను తీసుకుపోతాడంట."

వరండా చివర హుస్సేన్ సాహెబ్ నిలబడి ఉన్నాడు. బజార్లో టైలరు. బడి పిల్లల యూనిఫారాలన్నీ ఆయన కుట్టినవే. రంగనాయకులు గారు ఆయన భుజం తట్టి, "నీ కూతురు ఇయ్యాల మా కళ్లు తెరిపించింది సాయిబూ" అని వెళ్లిపోయారు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

తబస్సుమ్ పుస్తకాలు సర్దుకునేలోగా వాణి ఆయన దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదే సాహెబ్ గారూ. పాప చేత ఆ మాట చెప్పించకుండా ఉండాల్సింది."

"మీరేం చెప్పించినారు మేడమ్? అడిగితే అట్ట చెప్పమని నేనే నేర్పించి పంపినా."

"అసలు ఈ రోజు బడికి పంపకపోతే పోయేది."

"పంపకపోతే అనుమానపడతారు గదా." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా పెద్దోడు షాహుల్ బాంబు పేలిన ఆ ఊళ్లోనే ఏసీ మెకానిక్కు పని చేస్తా ఉండాడు. నిన్న సాయంత్రం నుంచి ఫోను ఎత్తలా. ఎవురికీ చెప్పలా. ఆ ఊళ్లో సాయిబుల పిల్లోడు కనపడకండా పోయినాడంటే జనానికి ముందు ఏం తోస్తదో మీకు తెలవంది కాదు."

వాణి తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది. ఏం చేశాడీ షాహుల్?

"పోలీసులు... వచ్చారా?" అంది.

హుస్సేన్ సాహెబ్ ఆ అడుగు చూశాడు. అయినా మర్యాదగానే జవాబిచ్చాడు.

"ఇందాకే ఫోన్ చేసినారు మేడమ్. చనిపోయినోళ్లలో మావోడుండాడంట. వచ్చి తీసుకుపొమ్మన్నారు."