పదకొండు ఆకుల మెత్త

“విప్పేస్తున్నావా? అంత బాగా కుదిరిందే” అంది పుష్పావతి.

సరోజ తల ఎత్తకుండా దారం లాగుతూ పోయింది. కొక్కెం సూదితో పొద్దున్నుంచి అల్లిన ఆకు చూస్తుండగానే దారపు కుప్ప అయింది.

“అత్తమ్మ ఒప్పుకోలే మేడం.”

పుష్పావతి గోడవైపు చూసింది. నులకమంచం మీద జానమ్మ మొహం అటు తిప్పుకొని కూర్చుంది. తను వచ్చి నమస్కారం పెడితే బదులైనా చెప్పలేదు. కుడిచెయ్యి కొంగు కిందే ఉంది. ఎడమచేత్తో ఆ ఆకును అవతలికి నెట్టేసింది, అంతే.

పుష్పావతిది కోదాడ. మిర్యాలగూడ మహిళామండలి పనులు చూస్తుంది. అక్కడ అల్లికలు నేర్పే టీచరు కావాలి. మర్నాడే ఎంపిక. చేతిపని ఒకటి చూపించాలి. సరోజ సూర్యాపేట హాస్టల్లో చదువుకున్నప్పుడే ఆమె అల్లిక ఎలాంటిదో పుష్పావతి చూసింది. సరోజ మొగుడు రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. ఈ ఉద్యోగం వస్తే ఆ ఇల్లు నిలబడుతుందని, తనే బస్సెక్కి పాలకీడు వచ్చింది.

సరోజ అల్లుతున్నది కుర్చీలో వేసుకునే మెత్త. నమూనా పుస్తకం చూసి అల్లింది కాదు. వరుసా లేదు, కొలతా లేదు. కాలువ గట్టున మొక్కలు వాటంతటవి మొలిచినట్టు, ఆకు పక్కన ఆకు పరుచుకుంది. ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాని అంచుకు రంపపు పళ్లున్నాయి, ఇంకొకదాని వెనక తెల్లటి నూగు కూడా ఉంది. రోజూ ఒక ఆకు తెంపుకొచ్చి, పక్కన పెట్టుకొని అల్లుతోందట. పది అయ్యాయి. పదకొండోది ఇప్పటికి మూడుసార్లు విప్పింది.

“ఎందుకమ్మా ఇంత పట్టింపు? మెత్త మీద కూర్చునేవాళ్లు ఏ ఆకో పోల్చుకుంటారా?”

“ఒక ఆకు అనుకొని ఇంకో ఆకు అయితే ఎట్ల మేడం?”

పుష్పావతికి నవ్వొచ్చింది.

అంతలో ఆ ఊరి ముసలాయన సైదయ్య కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. జానమ్మ కేసి చూశాడు. ఆమె తల దించుకుంది. అతను వెనక్కి మళ్లి, వీధి అరుగు మీద కూలబడ్డాడు. ఈవిడంటే ఊరంతటికీ భయమే కాబోలు అనుకుంది పుష్పావతి.

మూడు గంటలకు ఆకు పూర్తయింది. అరచెయ్యి చాపినట్టు అయిదు వేళ్లున్న ఆకు. అసలు ఆకునూ, అల్లిన ఆకునూ సరోజ అత్త ఒళ్లో పెట్టింది. జానమ్మ చాలాసేపు తడిమి చూసింది. ఈసారి నెట్టలేదు. సరోజ కళ్లు తుడుచుకొని, దాన్ని మెత్తకు కలిపి కుట్టింది.

“హమ్మయ్య. ఇటివ్వు, బస్సు టైమవుతోంది.”

“ఇది ఇయ్యలేను మేడం. ఇంకోటి అల్లి పంపుత.”

“ఎంపిక రేపు. ఎప్పుడు అల్లుతావు?”

సరోజ ఏదో చెప్పబోయింది. అత్త వింటోందని ఆగి, మెత్తను ఒళ్లోకి లాక్కుంది.

“ఆవిడ గొంతెత్తి అడగనైనా లేదు, నువ్వు మాత్రం వణికిపోతున్నావు. అత్తగారి అలక కోసం చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుంటావా?”

“మెత్త అత్తమ్మదే మేడం. కొలువు నా నసీబుల ఉంటె వస్తది.”

ఇక చెప్పి లాభం లేదని, పుష్పావతి సంచిలోంచి పేర్ల కాగితం తీసింది. సరోజ పేరు కొట్టెయ్యడానికి కలం మూత తీసింది.

సరోజ వాకిట్లోకి వెళ్లి పిలిచింది. “సైదయ్య తాతా, జర లోపలికి రా.”

సైదయ్య వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ధోవతి పైకి జరిపి, వాచిన మోకాలు చూపించాడు. సరోజ మెత్తను అత్త ఒళ్లో పెట్టింది. జానమ్మ ఎడమచేతి వేలు ఒక్కో ఆకునూ దాటుకుంటూ పోయి, అయిదు వేళ్ల ఆకు మీద ఆగింది. సరోజ పరుగున కాలువ గట్టుకు పోయి, అదే ఆకున్న రెమ్మ విరుచుకొచ్చింది.

పుష్పావతి చేతిలో కలం కాగితానికి ఆనకుండానే ఉండిపోయింది.

మాటా, కుడిచెయ్యీ పడిపోయిన ఆరు నెలలకు జానమ్మ ఊరికి మళ్లీ ఆకుమందు చెప్పింది.