పై చేను మట్టి

"ఇదంతా తలకిందులుగా ఉందమ్మా! మళ్ళీ లెక్కపెట్టు," అంటూ ఆఫీసరుగారు రిపోర్టును బల్లమీద పడేశారు.

"మూడుసార్లు లెక్కపెట్టాను సార్," అంది మట్టి పరీక్షలు చేసే అమ్మాయి, గాజు పళ్ళేలు ఆయన ముందుకు జరుపుతూ. "'పై చేను' అని మీరు చీటీ అంటించిన సంచిలో సూక్ష్మజీవులు పుట్టలో చీమల్లా కిటకిటలాడుతున్నాయి. 'కింది చేను' సంచిలో దివిటీ పెట్టి వెతికినా పట్టుమని పది లేవు."

ఆఫీసరుగారు సంచుల మీది చీటీలు రెండూ మళ్ళీ చదువుకున్నారు.

ఊళ్ళో చెత్తంతా పొయ్యడానికి ఊరి పక్కనున్న గుట్టవాలులో ఒక చేను తీసుకోవాలి. ఉన్నవి రెండే చేలు. ఏ మట్టిలో ప్రాణం తక్కువగా ఉంటే దాన్నే తీసుకోవాలని ఉత్తర్వు. పై చేను ఒక ముసలమ్మది. ఆవిడకున్నదల్లా అదే. కింది చేను ఆఫీసరుగారి బావమరిదిది.

"నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు," అన్నారాయన కాస్త గొంతు పెంచి. "వానకి సారమంతా కొట్టుకొచ్చి కిందే చేరుతుంది. పైన మిగిలేది గులకరాళ్ళు. సూక్ష్మజీవులు మాత్రం పనిగట్టుకుని గుట్టెక్కి కూర్చుంటాయా?"

"నేనూ అలాగే చదువుకున్నాను సార్. కొత్త మట్టి తెచ్చి మళ్ళీ చెయ్యమంటే చేస్తాను. కాకపోతే, మొదటి మట్టి ఆ చేలల్లోది కాదని మీరు రాసివ్వాలి. సంచులు నింపిందీ సీలు వేసిందీ మీరే కదా!"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎలా రాసిస్తారు? మట్టి తీసిన రోజు గుట్టెక్కితేగా! అసలే మోకాళ్ళ నొప్పి, పైగా మిట్టమధ్యాహ్నపు ఎండ. వాలులో పై మట్టి నిస్సారమని పుస్తకంలోనే ఉండగా ఎక్కి చూసేదేముందని, జీపు ఆగినచోటే, బాట పక్కన దుమ్ముకొట్టుకుపోయిన ఓ మట్టికుప్పలోంచి నాలుగు దోసిళ్ళు తీసి 'పై చేను' అని చీటీ అంటించేశారు. కింది చేలో మాత్రం పచ్చగా నిగనిగలాడే చోటు వెతికి మరీ తవ్వారు.

జేబులో ఫోను మోగింది. బావమరిది.

"బావా, మన పని అయిపోయినట్టేనా? అక్క పొద్దుటినుంచీ అడుగుతోంది."

"ముందు ఇది చెప్పు. చేలో ఏం చల్లావురా?"

"ఏముంది బావా, అందరూ చల్లేవే. పురుగుమందు, కలుపుమందు, తెగులుమందు. నా చేలో చీమ కూడా బతకదు, అంత శుభ్రం!"

ఆఫీసరుగారు ఫోను కట్టేశారు. తలెత్తేసరికి గుమ్మంలో ముసలమ్మ నిలబడి ఉంది.

"నా చేను ఉన్నట్టా, పోయినట్టా బాబూ?"

"సారు చెప్పాలి," అంది అమ్మాయి. "సార్, పైకి ఎక్కే తీశారు కదా ఈ మట్టి?"

"ఎక్కకపోవడమేమిటి?" ఆఫీసరుగారు ఒక్కసారిగా లేచారు. "అడుగడుక్కీ దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కాను!"

సంతకం పెట్టేముందు గోడమీది పటానికి దణ్ణం పెట్టుకోవడం ఆయనకి అలవాటు. ఏ సంతకానికి ఏ దణ్ణమో ఆ పటంలోని దేవుడికే తెలియాలి. ఈసారి మాత్రం దణ్ణం కాస్త ఎక్కువసేపే పట్టింది. పై చేను వదిలి కింది చేను తీసుకోవచ్చునని సంతకం చేసి, ఎవరి మొహమూ చూడకుండా వరండాలోకి వచ్చేశారు.

ముసలమ్మ వెనకే వచ్చింది.

"నీరు పల్లమెరుగు అన్నారు. గుమ్మంలోంచి విన్నాను. మిగతా సగం మింగేశారేం బాబూ? నిజం దేవుడెరుగు."

ఆయన వరండాలో అటూ ఇటూ చూశారు. "ఏ నిజం?"

"ఆ రోజు పొద్దుగూకేదాకా నా చేలోనే ఉన్నాను. పైనుంచి చూస్తే అన్నీ కనబడతాయి. మీరు దోసిలి పెట్టిన కుప్ప నాదే. వానకి జారిపోయిన నా మట్టిని ఏటా కాలవలోంచి ఎత్తి, పేడా ఆకులూ కలిపి ఆ బాట పక్కన మాగబెడతాను. పైపైన దుమ్మే గానీ లోపలంతా ప్రాణమే."

ఆఫీసరుగారు గొంతు తగ్గించారు. "ఎవరితోనైనా అన్నావా అమ్మా?"

"అయ్యో, అంటే మీ చీటీ అబద్ధమైపోదూ?" ముసలమ్మ ఆయన చెవి దగ్గరికి వంగింది. "అందుకే మర్నాడు తెల్లారేసరికే తట్టకెత్తడం మొదలుపెట్టి, ఆ కుప్పంతా నా చేలోకి మోసేశాను."