బానెట్ కింద మహానుభావుడు

కారు ఇంజన్లోని పాత టర్బో ఊడి చేతిలోకి రాగానే పళ్ళ డాక్టరుకి ప్రాణం హాయిగా అనిపించింది. మొండి పన్ను వేళ్ళతో సహా వచ్చినప్పుడు కూడా ఆయనకి ఇంత తృప్తి కలగలేదు. దాన్ని తీసుకెళ్ళి షెడ్డు మూలనున్న తుక్కు డబ్బాలో పడేశాడు.

"అది బాగానే ఉంది కదండీ," అంది భార్య గుమ్మంలోంచి.

ముసలిదైపోయిందనీ, కొత్తది ఇంతకంటే బాగా లాగుతుందనీ చెప్పాడు. ఆమె తుక్కు డబ్బా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఎంత బాధో పాపం, అనుకున్నాడు డాక్టరు కసిగా.

ఆయనకిది మొదటి పెళ్ళి, ఆమెకి రెండోది. మొదటి భర్త జబ్బు చేసి పోయాడు. ఆమె ఈ ఇంటికి వస్తూ తెచ్చుకున్నవి రెండు పెట్టెలూ, ఈ టర్బో కారూ. కారుకి వయసు మీద పడింది. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి. అయినా తాళం తిప్పితే చాలు, మారు మాట్లాడకుండా స్టార్టయ్యేది. స్కూల్లో లెక్కలు చెప్పడానికి అందులోనే వెళ్ళొచ్చేది ఆవిడ. వచ్చాక ఇంజన్ని వెంటనే ఆపేది కాదు. కాసేపు ఆడనిచ్చి, టర్బో కాస్త చల్లబడ్డాక ఆపి, బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి గానీ ఇంట్లోకి వచ్చేది కాదు. అది చూస్తే డాక్టరుకి ఒళ్ళు మండేది. మొగుణ్ణి ఇక్కడ పెట్టుకుని ఆ రేకుని నిమరడమేమిటి?

అమ్మేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. సరే, అమ్మకపోతే మానె, ఇంట్లోనే అన్నీ మార్చి కొత్తదానిలా తయారుచేస్తానన్నాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. పనిముట్లు కొన్నాడు. ఆదివారాలు క్లినిక్ మూసేసి షెడ్డులో మకాం పెట్టాడు.

మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడే అసలు దెబ్బ తగిలింది. ఊళ్ళో ఎవరు నోరు తెరిచినా, లోపల పన్ను కట్టింది ఏ డాక్టరో చూడగానే చెప్పేస్తాడాయన. ఆ విషయంలో కొంచెం గర్వం కూడా ఉంది. ఇక్కడా అలాగే కనిపించింది. ప్రతి వైరుకీ శుభ్రంగా టేపు చుట్టి ఉంది. గొట్టాలు బిగించే క్లాంపులన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఇదంతా ఒకే చెయ్యి చేసిన పని, అదీ ప్రేమగా చేసిన పని.

ఏ మెకానిక్ చేశాడని అడిగాడు.

"మెకానిక్కెవరూ లేరండీ. ఇంట్లో చేసుకున్నదే," అని తలవంచుకుని నవ్విందామె.

పెళ్ళయినప్పటి నుంచీ అలాంటి నవ్వు ఆయనకి ఒక్కటీ దక్కలేదు. హాల్లో ఆమె మొదటి భర్త ఫోటో ఒకటి ఉంది. అందులో ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకున్న భారీ మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇదే కారుకి ఆనుకుని నిలబడ్డాడు. మహానుభావుడు, పోయీ పోకుండా బానెట్ కింద కాపురముంటున్నాడన్నమాట, అని పళ్ళు నూరాడు డాక్టరు.

ఆ రోజు నుంచీ ఒకటే పంతం. ఆ మనిషి చెయ్యి పడిందేదీ ఈ బండిలో మిగలకూడదు. ఆమె ఒక్కసారైనా తనని చూసి అలా నవ్వాలి.

ఒక ఆదివారం ఆమె పాత చొక్కా తొడుక్కుని, జుట్టు ముడేసుకుని షెడ్డులోకి వచ్చింది. ఆయనగారి సామాన్లకి కాపలా కాబోలు, అనుకున్నాడు. నీకెందుకీ జిడ్డు పని, హాయిగా వెళ్ళి కూర్చోమని పంపించేశాడు. ఇంకోసారి క్లాంపు బిగిస్తుంటే, మరీ అంత బిగిస్తే గొట్టం తెగుతుందని మెల్లిగా చెప్పిందామె. ఆ పాఠం ఎవరు నేర్పారో తెలుస్తూనే ఉందిలే, అనుకుని ఇంకో చుట్టు బిగించాడు. గొట్టం తెగింది. నోరు మూసుకుని వెళ్ళి కొత్తది తెచ్చుకున్నాడు.

ఇంజను వెనక ఇరుకు సందులో ఒక చిన్న క్లాంపు ఉంది. డాక్టరు చెయ్యి అందులో ఎంతకీ దూరలేదు. వేళ్ళు గీరుకుపోయి నెత్తురొచ్చింది. అంత లావు మనిషి ఇక్కడ ఎలా బిగించాడురా బాబూ, అని ఆశ్చర్యపోయాడు. ఆ పనితనానికి కూడా కుళ్ళుకుని, కటింగ్ ప్లేయరుతో దాన్ని ముక్కలు చేసి బయటికి లాగాడు.

గొట్టాలు మారాయి. వైర్లు మారాయి. సీట్లు మారాయి, రంగు మారింది. ఆమె మాత్రం షెడ్డు వైపు రావడం మానేసింది. భోజనాల దగ్గర అడిగినదానికి తప్ప పలకడం లేదు. పోయినవాడి కోసం మళ్ళీ ఏడుస్తోందనుకుని డాక్టరు మరింత ఉడికిపోయాడు.

చివరికి బండి పూర్తయింది. ఆమెని పిలిచి తాళం చేతిలో పెట్టాడు. ఇంజను అందుకుంది, కొత్త టర్బో సన్నగా ఈల వేసింది. ఆమె కాసేపు విని, ఆపేసి, దిగింది.

"బాగుంది," అంది, నోట్లో దూది పెట్టుకున్న పేషంటులా.

డాక్టరు ఇక ఆపుకోలేకపోయాడు.

"ఇంకా ఆయన మీదే ఉందా మనసు? అవును, నాకు కుళ్ళే. అందుకే ఆయన చెయ్యి తగిలిన బోల్టు ఒక్కటి కూడా మిగల్చకుండా పీకేశాను. ఇప్పుడిది నేను చేసిన బండి. ఇప్పటికైనా నన్ను చూసి నవ్వొచ్చు కదా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. అప్పుడే ఏదో అర్థమైనట్టుంది. ఆ చూపులో కోపం లేదు.

"ఆయన జన్మలో బానెట్ ఎత్తి ఎరగరండీ, మీరు పీకేసిందంతా నేను నా చేతుల్తో చేసుకున్న పని," అంది.