తువ్వాలు రంగు

"మీరేమీ అనుకోకపోతే, దిగేదాకా ఆ కిటికీ సీటు నాకిస్తారా? మా డాబా చూడాలి."

పెద్దావిడ చేతిలోని అల్లిక సంచిలో పెట్టేసి సీటు మారింది. "విమానం ఎక్కడం మొదటిసారా అమ్మా?"

"ఎక్కడం మొదటిసారే. చూడటం మాత్రం ఎన్నిసార్లో, కింద నుంచి. అదిగో, కప్పులు తీస్తున్నారే, ఆయన మావారు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోయింది. పెళ్ళయి రెండేళ్ళు. వాళ్ళ ఇల్లు సరిగ్గా విమానాలు దిగే దారిలో ఉంది. భర్త విమానం వచ్చే సాయంత్రాల్లో ఆమె డాబా ఎక్కి, తీగ మీద ఆరేసిన వాటిలో చేతికందిన తువ్వాలు తీసి ఊపుతుంది. కిందికి రాగానే అత్తగారు, "ఆరీ ఆరని గుడ్డలు దించుకొస్తావు, నీ పిచ్చి కాకపోతే" అని సణుగుతూ ఆ తువ్వాలు లాక్కుని మడతపెడుతుంది.

"అంత ఎత్తు నుంచి కనిపిస్తావా?" అంది పెద్దావిడ.

"కనిపించకపోతే ఎలా చెప్తారండీ? 'ఇవాళ పసుపుది ఊపావు, నిన్న గళ్ళది' అంటారు. ఒక్కసారీ తప్పలేదు. ఒక్కటే నాకు మంట. దిగగానే ఫోను ముందు వాళ్ళమ్మకి. మాట్లాడేది అరనిమిషం, అదీ ముందు ఆవిడకే. తర్వాతే నేను."

"అమ్మకూచి అన్నమాట."

ఇద్దరూ నవ్వుకున్నారు.

విమానం సముద్రం మీద ఓ పక్కకి ఒరిగింది. ముందు నీళ్ళు, తర్వాత చేపల పడవలు, తెల్లటి నురగ గీత, ఓడరేవు క్రేన్లు. లైట్‌హౌస్ కనబడగానే ఆమె నుదురు అద్దానికి ఆనించింది. అక్కడి నుంచి మూడో వీధి. వీధి దొరికింది. డాబాల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు మిరియాల్లా ఉన్నాయి. తీగలు లేవు, బట్టలు లేవు, మనుషులు అసలే లేరు. ఇదే మా ఇల్లు అనుకునేలోపే వీధి వెనక్కి పోయింది.

"కనిపించిందా?"

"ట్యాంకులు కనిపించాయండీ."

ఆమె తల తిప్పి చూసింది. భర్త తలుపు దగ్గర మడత సీట్లో, బెల్టు బిగించుకుని, ప్రయాణికుల వైపు తిరిగి కూర్చున్నాడు. కిటికీ అతని వీపు వెనక ఉంది.

"ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటారా?"

"దిగేటప్పుడు అలాగే కూర్చోవాలమ్మా, అందరూ అంతే."

"మరి రంగు?"

పెద్దావిడ అల్లిక సంచి ఒళ్ళోకి సర్దుకుంది. "గుడ్డిగా చెప్తే ఒకసారి తగులుతుంది, ప్రతిసారీ తగలదు కదా. ఎవరో చూసి చెప్తున్నారు."

ఎదురింట్లో కుట్టుమిషను పిల్ల ఉంది. ఆ పిల్ల కిటికీ సరిగ్గా వీళ్ళ డాబా వైపే. ఆ పిల్లేనా చెప్పేది? రెండేళ్ళుగా తను పిచ్చిదానిలా గాలికి ఊపుతుంటే, ఆ పిల్లా ఈయనా ఫోన్లో చెప్పుకుని నవ్వుకున్నారా? బాధ కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. చక్రాలు నేలను తాకినా ఆమెకు తెలియలేదు.

అందరూ దిగిపోయాక భర్త నవ్వుతూ వచ్చాడు. "చూశావా మన డాబా?"

"చూశాను. మీరే ఎప్పుడూ చూడలేదు."

అతను పక్క సీట్లో కూలబడ్డాడు.

"నువ్వలా ఎండలో నిలబడుతుంటే, కనిపించడం లేదని చెప్పడానికి నోరు రాలేదు."

"అది సరే. మీకు రంగు చెప్పేదెవరు?"

అతను తల గోక్కున్నాడు. జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే విను."

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఎదురింటి పిల్ల గొంతు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటూ, నోరు మెదపకుండా నిలబడింది. అవతల ఎత్తారు.

"ఇవాళ కూడా ఏ తువ్వాలని అడుగుతావేంట్రా, కోడలు నీ దగ్గరే ఉందిగా?"