టేపు పట్టుకొచ్చిన మనిషి

దగ్గరికి జరగండి, ఇంకాస్త దగ్గరికి. ఇది నడిరోడ్డు మీద గొంతెత్తి చెప్పుకొనే సంగతి కాదు.

వాట్‌గంజ్ నాలుగు రోడ్ల దగ్గర మంగాదేవి ఇడ్లీల రెండో వాయి దింపుతూ ఉండగా ఆ మనిషి కనిపించాడు. బట్టతల, కళ్ళజోడు, చంకలో పొడుగాటి పుస్తకం, చేతిలో కొలిచే టేపు. ఫుట్‌పాత్‌కు ఈ అంచు నుంచి ఆ అంచుకు టేపు లాగాడు. ఏదో రాసుకున్నాడు. తలెత్తి సరిగ్గా ఆమె బండి వైపే చూశాడు.

మంగాదేవి గబుక్కున మూత పెట్టి బండికి అడ్డం నిలబడింది.

వారం కిందటే మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చి వెళ్ళింది. బళ్ళు అడ్డమై బస్సు డ్రైవర్లకు రోడ్డు దాటే మనుషులు కనబడటం లేదట, ఇక సిగ్నల్ దగ్గర బళ్ళు ఉండటానికి వీల్లేదట. ఆమె చెవిన పడింది అంతే. మిగతాది కంటైనర్ లారీల హారన్లలో కొట్టుకుపోయింది. మర్నాడే అవతలి పక్క రోడ్డు మీద మరమరాలు అమ్మే ముసలాయన బండిని పోలీసు లారీ ఎత్తుకుపోయింది.

టెక్కలి నుంచి మొగుడి వెంట ఈ బెంగాలీ ఊరికి వచ్చిన మనిషి మంగాదేవి. రేవులో పనిచేసే ఆ మొగుడు కాస్తా పోయాక, పాతికేళ్ళుగా ఆమె నిలబడింది ఆ ఆరడుగుల జాగాలోనే. ముగ్గురు పిల్లలను ఆ ఆవిరిలోనే పెంచింది. ఆ జాగా పోతే ఇంట్లో పొయ్యిలోంచి పిల్లి లేవదు.

కళ్ళజోడు మనిషి నేరుగా బండి దగ్గరికే వచ్చాడు.

“మాషీ, ఈ బండి ఎవరిది? పేరు చెప్పండి, ఒక ఫొటో తీసుకుంటాను. సర్వే,” అన్నాడు బెంగాలీలో.

సర్వే! ఆ మాట ఆమెకు కొత్త కాదు. షాలిమార్‌లో పట్టాల పక్కన గుడిసెలో ఉన్న రోజుల్లోనూ ఇలాగే పుస్తకాలు పట్టుకొచ్చారు. ఎంతో మర్యాదగా పేర్లు రాసుకున్నారు. నెల తిరక్కుండా గుడిసెలు నేలమట్టం చేశారు.

“నాది కాదు దాదా,” అంది మంగాదేవి, తానూ బెంగాలీలోనే, రెప్ప కొట్టకుండా. “నేను కూలికి చేస్తున్నాను. బండి గలాయన లిలువా వెళ్ళాడు.”

“ఎప్పుడొస్తాడు?”

“నాకు చెప్పి వెళ్తాడా?”

అతను నిట్టూర్చి పుస్తకం మూశాడు. నాలుగు ఇడ్లీలు పెట్టించుకుని తిని మరీ వెళ్ళాడు. ఎంత గుండెలు తీసిన బంటో చూడండి!

పక్కన అరటిపళ్ళ బుట్ట పెట్టుకునే పుష్పరాణి పరుగున వచ్చింది.

“ఏటప్పా, ఏటంతన్నాడు?”

“ఏటంతాడు? పేరు కావాలంట ఆడికి, పేరు! ఇదిగో ఇను. ఈడు మళ్ళీ అగుపడితే మూత మీద గరిటెతో రెండు దెబ్బలు కొడతాను. బేగి బుట్ట ఎత్తుకుని సందులోకొచ్చీ.”

“మరి కామేష్ అన్నకో?”

మంగాదేవి మొహం మాడిపోయింది. కామేష్‌ది ఆ పక్కనున్న బజ్జీల బండి. ఒక ఊరి మనుషులే. కిందటేడు అతను బజ్జీలతో పాటు ఇడ్లీలూ మొదలుపెట్టి, సాంబారు ఊరికే పోసి, రేవు కూలీల్లో సగంమందిని లాక్కుపోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు.

“ఆడికెందుకే? అసలు ఈడికి మన గుట్టు ఎవులు సెప్పారనుకుంతన్నావు? టీ కొట్టుకాడ ఇద్దరూ ఇకఇకలాడ్డం నాను సూడనేదా?”

“పాపం కాదేటప్పా?”

“పాపాన్ని సాంబార్లో కలుపుకోమను!”

రెండు రోజులకు మూత ఠంగు ఠంగుమంది. పుష్పరాణి బుట్టతో, మంగాదేవి బండితో సందులో పడ్డారు. లోపల సగం ఉడికిన వాయి కుదుపులకు ముద్దయిపోయింది. పోతే పోయిందనుకుని గోడ చాటు నుంచి తొంగి చూసింది.

కామేష్ రోడ్డుకు వీపు పెట్టి బజ్జీలు తిప్పుతున్నాడు. తల తిప్పేసరికి కళ్ళజోడు మనిషి ఎదురుగా ఉన్నాడు. పేరు రాశాడు. ఫొటో తీశాడు. బండికి నంబరు కాగితం కూడా అంటించాడు.

“అయిపోయిందే ఆడి పని!” మంగాదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంతలో కళ్ళజోడు మనిషి ఖాళీగా ఉన్న ఇడ్లీ బండి చోటు చూపించి ఏదో అడిగాడు. కామేష్ చెయ్యెత్తి సందు వైపు చూపించాడు.

“సూసినావా? నా మాట అబద్ధమా?” బండిని ఇంకా లోపలికి తోసింది మంగాదేవి.

ఆ సాయంత్రం కామేష్ తనంతట తానే వచ్చాడు, ఏడాది తర్వాత.

“అప్పా, ఆ బాబు రేపొక్కరోజే వస్తాడంట. కోపం పక్కనెట్టి నా మాట...”

గిన్నెలు కడిగిన నీళ్ళు ధబ్బున అతని కాళ్ళ ముందు పడ్డాయి.

“ఎల్లెల్లు! నీ బండి పోద్దని నాదీ పోవాలేటి?”

మర్నాడు తెల్లారి నుంచీ ఆమె బండి సందులోంచి బయటికే రాలేదు.

మళ్ళీ మంగళవారం ఇడ్లీల వేళకు పోలీసు లారీ వచ్చి కూడలిలో ఆగింది. నలుగురు మనుషులు దిగారు. మంగాదేవి అదరలేదు, బెదరలేదు. మళ్ళీ పాత జాగాకే చేరిన తన బండి మీద కాగితం ముక్క లేదు, పుస్తకంలో పేరు లేదు. పుష్పరాణిని మోచేత్తో పొడిచి, చేతులు కట్టుకుని, కామేష్ బండి వైపు తిరిగి నిలబడింది.

“ఇప్పుడు సూడే ఆడి మొకం!”

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండమ్మా, ఈ ఆఖరి ముక్క మాత్రం మింగెయ్యకండి: పుస్తకానికి ఎక్కినవి కూడలికి కాస్త వెనక చోటు రాసిచ్చి ఉంచవలసిన బళ్ళు, లారీ వచ్చింది పేరు లేని బళ్ళ కోసం.